ఆ రెండు ఇంగ్లీషు ముక్కలు నేను రాసివ్వను

"అమ్మా, నా వయసు 66. మాది గాజువాక. మావారు స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యారు. ఆయన పోయాక అబ్బాయి నన్ను న్యూయార్కు తీసుకొచ్చేశాడు. బ్రూక్లిన్‌లో, బ్రైటన్ బీచ్ దగ్గర ఉంటాం. కోడలు ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి, మంచిదే. ఏడాదిన్నర మనవణ్ణి పగలంతా నేనే చూసుకుంటాను. మా అంతస్తులోనే ఒక రష్యన్ పెద్దావిడ ఒంటరిగా ఉంటారు. ఊరు ఒడెస్సా అట. ఇద్దరికీ వచ్చింది అరకొర ఇంగ్లీషే అయినా బాగా కలిసిపోయాం. కోడలు ఆఫీసు నుంచి వచ్చాక ఇద్దరం సముద్రం పక్కన చెక్కల బాట మీద నడిచేవాళ్ళం. ఆవిడ ఫోన్ చేయకుండా వచ్చేస్తారు. పిల్లాడికి టోపీ పెట్టలేదని లిఫ్టులో నలుగురి ముందు కోడల్ని కేకలేశారు. కోడలు చాలా నొచ్చుకుంది. 'ఈ రోజుల్లో రష్యావాళ్ళతో మనకెందుకు? ఆఫీసులో తెలిస్తే ఏమనుకుంటారు? ఆవిడ బెల్లు కొడితే తలుపు తీయకమ్మా' అన్నాడు అబ్బాయి. మొన్న ఆవిడ వచ్చి చాలాసేపు బెల్లు కొట్టారు. నేను పిల్లాణ్ణి ఎత్తుకుని, వాడి నోటిమీద చెయ్యి పెట్టి, తలుపు వెనకే నిలబడ్డాను. తర్వాత చూస్తే తువ్వాలు చుట్టిన గాజు సీసా ఉంది. చెర్రీపళ్ళ పాకం. ఆవిడ మనసు కష్టపడకుండా ఇంటికి రావద్దని చెప్పడానికి రెండు మూడు ఇంగ్లీషు ముక్కలు రాసివ్వండి. పగటిపూట వెళ్ళి చెబుదామంటే ఇంటి తాళంచెవి నా దగ్గర ఉండదు. తలుపు పడిందంటే వాళ్ళొచ్చేదాకా బయటే." – ఒక తల్లి, బ్రూక్లిన్

అమ్మా, మీరడిగిన ముక్కలు నేను రాసివ్వను. గుమ్మం తొక్కవద్దని చెప్పించుకునేంత తప్పు ఆవిడ చేయలేదు, చెప్పేంత కోపం మీకూ లేదు. మీ ఉత్తరంలో ఆవిడ మీద ఒక్క చెడ్డమాట కూడా లేదు. ఆ మాట చెప్పి తీరాల్సిందే అయితే ఇంట్లో ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళు ఇద్దరున్నారు. మీ అబ్బాయికి చెప్పడానికి మొహమాటం. ఆ మొహమాటం బరువు మీ నెత్తిన పెట్టాడు. మీరు మోస్తున్నారు.

టోపీ సంగతి ముందు తేల్చేద్దాం. రష్యన్ మాట్లాడే పెద్దావిడలకు ఎవరి పిల్లాడైనా తమ పిల్లాడే. నెత్తిన టోపీ లేకపోయినా, ఎదురుగాలి తగులుతున్నా, ముక్కూమొహం తెలియని తల్లినైనా ఆపి చివాట్లు పెడతారు. గాజువాక బస్టాపులో చంటిపిల్లతో నిలబడితే "చెవులకు గుడ్డ కట్టమ్మా, గాలి కొడుతోంది" అనని ముసలమ్మ ఉందా? మీకు అందుకే వింతనిపించలేదు. మీ కోడలు పెరిగిన తీరు వేరు. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు లిఫ్టులో నవ్వుతూ పలకరిస్తారు, బిడ్డ ముద్దొస్తున్నాడంటారు, పెంపకం జోలికి మాత్రం పోరు. ఇంటికి రావాలంటే ముందు మెసేజ్ పెడతారు. ఎదుటివాళ్ళ ఇంటికీ సమయానికీ ఇచ్చే గౌరవం అది. నలుగురిలో మాట పడితే ఎవరికైనా బాధే, ఆ పిల్ల నొచ్చుకోవడం న్యాయమే. "వచ్చేముందు ఫోన్ చేయండి, నా కోడల్ని ఏమీ అనకండి, చెప్పాల్సింది నాకు చెప్పండి" అని స్నేహితురాలితో మీరే అనవచ్చు. మీకున్న ఇంగ్లీషు దానికి సరిపోతుంది. మాట సూటిగా అనడం అలవాటున్న మనిషి, సూటిగా వినగలదు కూడా.

ఇక 'రష్యావాళ్ళు'. మీ అబ్బాయి అన్నేళ్ళుగా ఆ పేటలో ఉంటూ పక్కింటివాళ్ళెవరో తెలుసుకోలేదంటే నాకు చాలా కష్టంగా ఉంది. బ్రైటన్ బీచ్‌కు 1970ల నుంచి వచ్చి చేరినవాళ్ళలో ఎక్కువమంది సోవియట్ దేశపు యూదులు. వాళ్ళలో ఒడెస్సావాళ్ళు ఎంతమంది అంటే ఆ పేటకు 'చిన్న ఒడెస్సా' అనే పేరే పడిపోయింది. తర్వాత కీవ్, మిన్స్క్, తాష్కెంట్, త్బిలిసీ, ఇలా ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. దేశాలు వేరు, మతాలు వేరు. కొట్లో బేరమాడుకోవడానికి, బల్ల మీద కూర్చుని కష్టసుఖాలు చెప్పుకోవడానికి అందరికీ కుదిరిన భాష రష్యన్. ఒడెస్సా ఉక్రెయిన్‌లో ఉంది. 2022 నుంచి ఆ ఊరి మీద పడుతున్నవి రష్యా క్షిపణులు. ఆవిడ మాట్లాడే భాషను బట్టి ఆవిడ ఏ పక్షమో మీ అబ్బాయి తేల్చేశాడు. ఆ యుద్ధం మొదలయ్యాక పేటలో 'రష్యా' అన్న పేరు బోర్డుమీద ఉన్న దుకాణం పేరు మార్చుకుంది, ఉక్రెయిన్ జెండాలు వెలిశాయి. ఇంటి కింద జరిగినదే ఇదంతా. ఒక్కరోజు ఆవిణ్ణి కూర్చోబెట్టి "మీవాళ్ళు ఎలా ఉన్నారమ్మా?" అని అడిగినా తెలిసేది.

మీ ఇంటికి ఈ స్నేహం కొత్తేమీ కాదు కదా. విశాఖ ఉక్కు కర్మాగారానికి సాయం చేసేందుకు 1979లో సోవియట్ ప్రభుత్వం మన ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. గోదావరి, కృష్ణ అని పేర్లు పెట్టుకున్న అక్కడి బ్లాస్టు ఫర్నేసుల, అంటే ఇనుము కరిగించే పెద్ద కొలుముల, దగ్గర మీవారు చెమటోడ్చారు. ఆ జీతంతోనే మీ అబ్బాయి చదువుకున్నాడు. నా తరం పిల్లలు మాస్కోలో అచ్చయిన తెలుగు కథల పుస్తకాలు, ఆ నున్నటి కాగితం, ఆ రంగుల బొమ్మలు చూస్తూ పెరిగారు. ఇవి అతనికి మీరు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదని మిమ్మల్ని నిందించడం లేదు. ఇప్పుడైనా చెప్పండి.

మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపేసింది చివరి మాట. తాళంచెవి నా దగ్గర ఉండదు. కోడలు మంచిదనీ, ఆవిడ ఒడెస్సా ఆవిడనీ అన్నీ చెప్పి, చివర్లో ఏదో మామూలు సంగతిలా రాసేశారు. మీ కష్టమంతా అందులో ఉంది. పగలంతా పిల్లాణ్ణి సాకుతున్నారు. న్యూయార్కులో ఆ పనికి మనిషిని పెడితే నెలకు ఎంతవుతుందో మీ అబ్బాయికి బాగా తెలుసు. ఆ పని చేసే మనిషికైనా తాళంచెవి ఇస్తారమ్మా. కన్నతల్లికి ఇవ్వలేదు. కావాలని ఇవ్వకపోయి ఉండకపోవచ్చు, ఆలోచన రాకపోయి ఉండవచ్చు. తల్లికి ఒక తలుపు తీసుకునే అవసరం ఉంటుందన్న ఆలోచనే రాకపోవడం నాకు ఇంకా బాధ కలిగించింది. పిల్లాడికి జ్వరమొచ్చి మీరు మందుల షాపుకు పరుగెత్తాల్సి వస్తే?

కాబట్టి ఇది మీకూ ఒడెస్సా ఆవిడకూ మధ్య గొడవ కాదు, మీకూ కోడలికీ మధ్య అసలే కాదు. మీకూ మీ కొడుక్కీ మధ్య తెగని విషయం. ఆయన పోయినప్పటి నుంచి మీరు కొడుకు ముందు నోరు విప్పడం మానేశారనిపిస్తోంది. 'వాడే చూసుకుంటున్నాడు, ఇంకేం అడుగుతాం' అనుకుని ఉంటారు. కొడుకు ఇంట తల్లి ఉండటం దయాధర్మం కాదు. అక్కడ అడుగు పెట్టిన రోజు నుంచీ ఆ ఇంటి పని సగం మీ రెక్కల మీద నడుస్తోంది. మీ మనవడు ఏడాదిన్నరవాడే అయినా చూస్తున్నాడు. గంట మోగితే నానమ్మ నోరు మూసి దాక్కుంటుందని వాడికి అలవాటు చేయకండి.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. రేపే ఆ సీసా కడిగి, సున్నుండలో చెక్కలో, మీ చేతిది ఏదో ఒకటి నింపి, కోడలు ఇంట్లో ఉన్నప్పుడు ఆవిడ దగ్గరికి వెళ్ళండి. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదన్నది వాళ్ళలోనూ ఉంది. గడప మీద నిలబడి చేతికివ్వకండి, మనలాగే వాళ్ళూ గడప మీద ఇచ్చిపుచ్చుకోరు. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి ఇవ్వండి. పూలు పట్టుకెళ్ళే ఆలోచన ఉంటే బేసి సంఖ్యలో తీసుకోండి, సరిసంఖ్య పూలు చావుకు పెడతారు. మొన్న ఇంట్లోనే ఉండి తలుపు తీయలేదని ఉన్నదున్నట్టు చెప్పేయండి. ఆవిడకు అది అప్పుడే తెలిసి ఉంటుంది, పిల్లాడున్న ఇంట్లో చప్పుడు దాగదు.

తర్వాత అబ్బాయితో. కోడలు ఎదురుగా వద్దు, ఆ పిల్ల తన మీద ఫిర్యాదు అనుకుంటుంది. సెలవురోజు పొద్దున్నే అతన్ని వెంటబెట్టుకుని ఆ చెక్కల బాట మీదికి నడవండి. 1923లో మొదట తెరిచిన బాట, కోనీ ఐలాండ్ అవతలి కొస దాకా నాలుగు కిలోమీటర్లకు పైనే ఉంటుంది, మాట్లాడుకోవడానికి చాలినంత దూరం. రైలు వంతెన కింది వీధిలో మొదలుపెట్టకండి, రైలు పోయినప్పుడల్లా మాట తెగిపోతుంది. ఏడవకండి, ఆయన్ను తలుచుకుని కళ్ళు తుడుచుకోవడం అసలు వద్దు. మూడు మాటలు చెప్పండి. ఆవిడ నా స్నేహితురాలు, కలుస్తాను. కోడలికి ఇబ్బంది కాకుండా చూసే పూచీ నాది. ఈ వారంలో నాకు తాళంచెవి చేయించు. ఆవిణ్ణి కలిసినప్పుడు ఎలా పిలవాలో కూడా నేర్పండి. వాళ్ళలో పెద్దవాళ్ళను ఒట్టి పేరుతో పిలవరు, పేరుకు తండ్రి పేరు కలిపి పిలుస్తారు. ఆవిణ్ణి అడిగి తెలుసుకుని అతనికి చెప్పండి.

ఇంకొక్క విషయం. బ్రూక్లిన్ పబ్లిక్ లైబ్రరీలో ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే బృందాలుంటాయి, డబ్బు కట్టక్కర్లేదు. న్యూయార్కు నగరం నడిపే వృద్ధుల కేంద్రాల్లో 60 దాటిన ఎవరైనా ఉచితంగా చేరవచ్చు. మీరూ ఆవిడా కలిసి పేర్లు ఇవ్వండి. వారంలో రెండు పూటలు పిల్లాణ్ణి ఎవరు చూసుకోవాలన్నది వాడి తల్లిదండ్రులు తేల్చుకుంటారు, ఆ ఏర్పాటు కూడా మీరే చేసి పెట్టకండి.

తాళంచెవి చేతికొచ్చాక నాకు రాయండి. రాకపోతే, అబ్బాయి ఏమన్నాడో ఒక్క మాట కూడా మార్చకుండా రాయండి. కొడుకును వెనకేసుకొస్తూ మాత్రం రాయకండి.