గుడ్డు మొత్తం తినాలా, తెల్లసొన మాత్రమే తినాలా?

ఆరోగ్యంగా ఉన్నవారు రోజుకు ఒక గుడ్డు తినేటప్పుడు పచ్చసొనను తీసి పారేయవలసిన అవసరం సాధారణంగా ఉండదు. సుమారు 50 గ్రాముల గుడ్డులో 70 కేలరీలు, 6 గ్రాముల ప్రోటీన్ ఉంటాయి. ఆ ప్రోటీన్ అంతా తెల్లసొనదేనని చాలామంది అనుకుంటారు గానీ, అందులో దాదాపు 40 శాతం పచ్చసొన నుంచే వస్తుంది. ఎ, డి, ఇ విటమిన్లు, కోలిన్ అనే పోషకం, కంటికి మేలుచేసే ల్యూటిన్ లభించేదీ పచ్చసొనలోనే.

భయమంతా అందులోని సుమారు 185 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ గురించే. అయితే రక్తంలోని కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగాన్ని తయారుచేసేది కాలేయమే. ఆహారం ద్వారా అది ఎక్కువగా అందినప్పుడు చాలామందిలో కాలేయం తన ఉత్పత్తిని కొంత తగ్గించుకుంటుంది. చెడు కొలెస్ట్రాల్‌ను పెంచడంలో వెన్న, నెయ్యి వంటివాటిలో ఎక్కువగా ఉండే సంతృప్త కొవ్వుల పాత్ర అంతకన్నా పెద్దది, అవి ఒక గుడ్డులో ఉండేది 1.5 గ్రాములే. (గుడ్డును వెన్నలో ముంచి వేయించుకుని, నింద మాత్రం పచ్చసొన మీద వేయడం న్యాయం కాదు.) 2015–20 కాలపు అమెరికా ఆహార మార్గదర్శకాలు రోజుకు 300 మిల్లీగ్రాములన్న పాత పరిమితిని తొలగించాయి, అయినా కొలెస్ట్రాల్‌ను తక్కువగానే తీసుకోమన్నాయి.

మధుమేహం, గుండెజబ్బు, వంశపారంపర్యంగా అధిక కొలెస్ట్రాల్ ఉన్నవారు మాత్రం పచ్చసొనల సంఖ్యను వైద్యుని సలహాతో నిర్ణయించుకోవాలి. కేలరీలు పెరగకుండా ప్రోటీన్ కావాలనుకునేవారు ఒక పూర్తి గుడ్డుకు రెండు తెల్లసొనలు కలుపుకోవడం నా దృష్టిలో మంచి మార్గం. ఒక్కో తెల్లసొనలో 17 కేలరీలు, 3.6 గ్రాముల ప్రోటీన్ ఉంటాయి. దేన్నైనా ఉడికించే తినాలి, ఎందుకంటే పచ్చి తెల్లసొనలోని అవిడిన్ అనే ప్రోటీన్, బయోటిన్ అనే బి విటమిన్‌ను శరీరానికి అందనివ్వదు, పైగా పచ్చి గుడ్డుతో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ముప్పు కూడా ఉంది.