ఒకే బస్తాను రెండు దేశాలు రెండుసార్లు కోయడం దేనికి?

ప్రశ్న: పొరుగు దేశాల కస్టమ్స్ అధికారులు సరిహద్దులో కలిసి ఒకేసారి సరుకు తనిఖీ చేస్తే వ్యాపారం నిజంగా తేలికవుతుందా, లేక ఇది సెమినార్లలో చెప్పుకునే మాటేనా? ఎంబీఏ ప్రాజెక్టు కోసం అడుగుతున్నాను, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

తేలికవుతుంది. ఇందులో అనుమానపడాల్సిందేమీ లేదు. అనుమానం ఉన్నవాళ్లు వానాకాలంలో గుంటూరు నుంచి మిర్చి లోడు ఎత్తించుకుని బంగ్లాదేశ్ సరిహద్దులోని పెట్రాపోల్ వెళ్లి రండి, ఆ తర్వాత మాట్లాడుకుందాం.

నేను కోవిడ్‌కి ముందు గుంటూరులో ఒక మిర్చి ఎగుమతిదారు దగ్గర కాగితాల పని చూసేవాణ్ని. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, ఫైటో సర్టిఫికెట్ (సరుక్కి చీడపీడలు లేవన్న కాగితం), షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కి ఇచ్చే ఎగుమతి పత్రం), బ్యాంకులో డబ్బు హామీ పత్రమైన ఎల్‌సీ, అన్నీ నా నెత్తి మీదే. గుంటూరు మిర్చి అనగానే అందరికీ చైనా గుర్తొస్తుంది గానీ బంగ్లాదేశ్ కూడా మంచి గిరాకీ ఉన్న దేశం. పైగా ఓడ ఎక్కించే పని లేదు. యార్డులో కొన్న టిక్కీలు (మిర్చి బస్తాలు) లారీకెక్కిస్తే నేషనల్ హైవే మీద శ్రీకాకుళం, ఒడిశా దాటి కలకత్తా, అక్కణ్నుంచి ఇంకో ఎనభై కిలోమీటర్లు వెళితే బొంగావ్, ఆ పక్కనే పెట్రాపోల్. గేటుకి అటువైపు బంగ్లాదేశ్ వాళ్ల బేనాపోల్. వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరం లారీ చకచకా వెళ్లిపోతుంది. చివరి కిలోమీటరు దగ్గరే మన జాతకం తిరగబడుతుంది.

కలకత్తా నుంచి బొంగావ్ వెళ్లే జెస్సోర్ రోడ్డు గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళతాను. రోడ్డుకి రెండు పక్కలా నూరేళ్లు దాటిన మహావృక్షాలు. చూడ్డానికి బాగుంటాయి, లారీకి మాత్రం నరకం. వాటిని కొట్టాలా వద్దా అన్న తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఐదు రైల్వే వంతెనల కోసం 356 చెట్లు కొట్టుకోవచ్చని 2023లో కోర్టు చెప్పింది. నాకు చెట్లంటే ఇష్టమే. కానీ ఇంత వ్యాపారం జరిగే దారికి పక్కన ఇంకో రోడ్డు వేయాలని ఇన్నేళ్లలో ఒక్కరికీ తట్టలేదా అనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. ఒక ఆషాఢంలో పెద్ద ఆర్డరు వచ్చింది. కొనేవాడు కొత్త. మా యజమాని "నువ్వు కూడా వెళ్లరా, దగ్గరుండి దాటించు" అన్నాడు. లారీ మనదే, డ్రైవరు చిలకలూరిపేట మనిషి, నాకంటే పెద్దవాడు. బొంగావ్ చేరేసరికి వాన. లారీని ఒక ప్రైవేటు పార్కింగులో పెట్టమన్నారు. బురదలో వరసగా నిలబడ్డ వందల లారీలు, ఎవరి వంతు ఎప్పుడో చెప్పే నాథుడు లేడు. రోజుకింతని పార్కింగు అద్దె మాత్రం టంచనుగా వసూలు చేస్తారు. పొద్దున లేచి ఏజెంటుకి ఫోన్ చేయడం, "ఆజ్ హో జాయేగా దాదా" అనిపించుకోవడం, సాయంత్రం టీ తాగి పడుకోవడం, ఇదీ మా దినచర్య.

చివరికి మా వంతు వచ్చింది. మన కస్టమ్స్ ఆయన ఒక టిక్కీ చూపించి కోయమన్నాడు. గోనె కుట్టు విప్పి, చెయ్యి లోపలిదాకా పెట్టి మచ్చు తీశాడు. తేజ రకం కాయ, తొడిమతో ఉన్నది. రెండు కాయలు విరిచి చూశాడు, గట్టిగా తుమ్మాడు, సంతకం పెట్టాడు. లారీ అటు దాటడానికి కార్ పాస్ అనే అనుమతి కాగితం ఇచ్చారు. డ్రైవరు గేటు దాటి అటువైపు వెళ్లాడు. నాకు అటు వెళ్లే పర్మిట్ లేదు, ఇవతలే నిలబడ్డాను. మన సిమ్ సిగ్నల్ అటు కొంచెం దూరం పనిచేస్తుంది, అదే మా అదృష్టం.

మర్నాడు ఫోన్.

"తమ్ముడూ, ఇక్కడ మళ్లీ కోస్తన్నారు. నిన్న మనోళ్లు కోసి చూశారని చెప్పు వీళ్లకి."

"నేనెట్టా చెప్పేది అన్నా, గేటు ఇవతల ఉన్నా గదా."

"నాకేమో బెంగాలీ రాదు. హిందీలో చెప్తే తలూపి కోస్తనే ఉన్నాడు."

కోశారు, మళ్లీ మచ్చు తీశారు. అక్కడితో ఆగితే బాగుండేది. కాటా దగ్గర నిండు బండి తూకం, ఖాళీ బండి తూకం తీసి లెక్క కడితే మా ప్యాకింగ్ లిస్టు కంటే సరుకు ఎక్కువ తేలింది. ఎందుకు ఎక్కువొచ్చిందో మిర్చి యార్డులో హమాలీని అడిగినా చెబుతాడు. ఎండుమిర్చి వానలో అన్ని రోజులు నిలబడితే, టార్పాలిన్ కప్పినా సరే, గోనె చెమ్మ పీల్చుకుంటుంది, కాయ మెత్తబడుతుంది, తూకం పెరుగుతుంది. కానీ బేనాపోల్ అధికారికి అది దొంగతనంగా ఎక్కువ సరుకు పంపినట్టే కనబడింది. ఆయన్ని నేను తప్పుపట్టను. ఆయన ముందున్నది ఒక కాగితం, ఒక కాటా. మధ్యలో కురిసిన వాన ఆయన ఫైల్లో లేదు.

ఇక చూడండి సర్కస్. ఇన్వాయిస్ సవరించాలన్నారు. ఇన్వాయిస్ సవరిస్తే షిప్పింగ్ బిల్లు సవరించాలి. షిప్పింగ్ బిల్లు మీద సంతకం పెట్టిన మనాయన నేను నిలబడ్డ చోటు నుంచి కేకేస్తే వినపడే దూరంలో ఉన్నాడు. అడ్డం చెప్పిన అవతలాయన గేటుకి అటువైపు, అదీ నడిచిపోయే దూరమే. కానీ వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి వీల్లేదు. అవతలాయన వాళ్ల ఏజెంటుకి చెప్పాలి, ఆ ఏజెంటు కొన్నవాడికి, కొన్నవాడు ఢాకా నుంచి గుంటూరుకి, గుంటూరు మా ఏజెంటుకి, మా ఏజెంటు నాకు. నేను వెళ్లి మనాయన్ని అడిగితే "రాతపూర్వకంగా తీసుకురండి" అన్నాడు. ఎల్‌సీలో తూకం మారితే బ్యాంకు ఇంకో గొడవ. ఈలోగా సరుకు బేనాపోల్ యార్డులో, లారీ అక్కడే, డ్రైవరు తిన్నాడో లేదో తెలియదు, పైన వాన కురుస్తూనే ఉంది, తూకం ఇంకా పెరుగుతూనే ఉంది.

ఆఖరికి పెరిగిన తూకానికి కూడా సుంకం కట్టించుకుని వదిలారు. అంటే బెంగాల్ వానకు మేం సుంకం కట్టామన్నమాట. ఆ డబ్బు కొనేవాడు తర్వాత మా బిల్లులో కోసుకున్నాడు, అది వేరే కథ.

ఆ ఇద్దరు అధికారులూ ఒక షెడ్డులో, ఒక కాటా దగ్గర, ఒక టిక్కీ ముందు నిలబడి ఉంటే ఈ కథ ఎంతసేపు నడిచేది? పావుగంట. "గోనె తడిసింది భాయ్" అని ఒకాయన, "అవును దాదా" అని ఇంకొకాయన. అయిపోయేది. సరిహద్దుల్లో జరిగే ఆలస్యంలో ముప్పాతిక వంతు ఈ రెండు తనిఖీల మధ్య సందులోనే పుడుతుందని నా లెక్క. సర్వే చేసి చెప్పడం లేదు, కళ్లారా చూసి చెబుతున్నా. సర్వే కావాలంటే ప్రపంచ బ్యాంకు 2021లో చెప్పింది వినండి: పెట్రాపోల్, బేనాపోల్ మధ్య సరుకు దాటడానికి 138 గంటలు పడుతోంది, అందులో ఎక్కించడానికీ దించడానికీ 28 గంటలు. అంతే రద్దీ ఉన్న తూర్పు ఆఫ్రికా సరిహద్దుల్లో ఆరు గంటల లోపే తేలిపోతోంది. మీ ప్రాజెక్టులో ఈ ఒక్క లెక్క పెట్టండి, మీ సారు ఇంకేం అడగడు.

ఆఫ్రికా అనగానే మనవాళ్లు మూతి విరుస్తారు. మా బావమరిది జాంబియా రాజధాని లుసాకాలో ఉద్యోగం. జాంబియా, జింబాబ్వేల మధ్య జాంబెజీ నది మీద చిరుండు అని సరిహద్దు ఊరుంది. 2009 చివర్లో అక్కడ రెండు దేశాల తనిఖీనీ ఒకేచోట పెట్టారు. జింబాబ్వే నుంచి జాంబియాకి వచ్చే లారీ జింబాబ్వే వైపు ఆగదు. వంతెన దాటి జాంబియా వైపున్న ప్రాంగణంలోనే ఆగుతుంది. అక్కడ జింబాబ్వే ఆఫీసరూ జాంబియా ఆఫీసరూ ఒకే కప్పు కింద కూర్చుంటారు. ఎదురు వెళ్లే లారీకి ఇదే తిరగేసి. ఒక దేశపు ఆఫీసరు ఇంకో దేశపు నేల మీద కూర్చుని తన చట్టం ఎలా అమలు చేస్తాడని అడుగుతారు కదా, దానికోసం రెండు దేశాలూ ముందే విడిగా చట్టాలు చేసుకున్నాయి. అంతకుముందు రోజుల తరబడి ఆగే లారీలు చాలావరకు వచ్చినరోజే దాటడం మొదలైంది. అక్కడా లైన్లు ఉంటాయట, కంప్యూటర్లు మొరాయిస్తాయట. ఉండనివ్వండి, లారీ ఆగేది ఒక్కచోటే కదా.

అంత దూరమెందుకు, మన ఇచ్ఛాపురం దగ్గరే చూశాం. జీఎస్టీ రాకముందు ఇటు పురుషోత్తపురంలో మన చెక్‌పోస్టు, అటు గిరిసోలలో ఒడిశా వాళ్లది. ఒకే దేశం, ఒకే రోడ్డు, ఒకే లారీ, రెండు లైన్లు. 2017 జులైలో జీఎస్టీతోపాటు అమ్మకం పన్ను చెక్‌పోస్టులు ఎత్తేశారు. ఆకాశం ఏమైనా విరిగిపడిందా? వసూలు ఆగిందా? రెండు రాష్ట్రాలకు సాధ్యమైంది రెండు దేశాలకు పూర్తిగా సాధ్యం కాదు, ఒప్పుకుంటా. కనీసం ఒక లైనైనా తగ్గించొచ్చు.

పెట్రాపోల్‌లో ఏమీ చేయలేదని కాదు. మన వైపు ఇంటిగ్రేటెడ్ చెక్‌పోస్టు కట్టారు. కస్టమ్స్, ఇమిగ్రేషన్, ప్లాంట్ క్వారంటైన్ అన్నీ ఒక ప్రాంగణంలోకి తెచ్చారు. 2022లో బెంగాల్ ప్రభుత్వం సువిధ అని లారీకి ముందే స్లాటు బుక్ చేసుకునే పోర్టల్ పెట్టింది, దాంతో పార్కింగు పీడ తగ్గిందని ఇప్పుడు ఆ పనిలో ఉన్న మిత్రులు చెబుతారు. 2024లో మైత్రీ ద్వార్ అని కొత్త సరుకు గేటు తెరిచారు. అన్నీ మంచివే. కానీ ఇవన్నీ మన కప్పు కింద మనం చేసుకున్న సర్దుబాట్లు. గేటు ఎంత వెడల్పు చేసినా అటు వెళ్లాక మళ్లీ కుట్టు విప్పాల్సిందే.

లారీ కాకుండా రైలు దారి కూడా చూశాం. 2020 జులైలో మా రెడ్డిపాలెం స్టేషన్ నుంచి బేనాపోల్‌కి ఎండుమిర్చితో పార్సిల్ రైలు వెళ్లింది, దేశం దాటి వెళ్లిన మొదటి పార్సిల్ రైలు అదే. 384 టన్నులు. లారీ మీద టన్నుకి ఏడు వేలు అయ్యేది రైల్లో 4,608 రూపాయలకి తేలింది. అప్పుడు గుంటూరులో పండగ చేసుకున్నాం. విశాఖ రేవులో దిగిన నేపాల్ కంటైనర్లకైతే ఇంకా మంచి పద్ధతి ఉంది: ఎలక్ట్రానిక్ సీలు వేసి రైల్లో బీర్‌గంజ్ పంపుతారు, దారిలో ఎవరూ విప్పరు. రెండు ప్రభుత్వాలు ఒకరి సీలును ఇంకొకరు నమ్మితే ఏం జరుగుతుందో అక్కడ చూడండి.

ఇద్దరు కలిస్తే ఇద్దరి చేతులూ తడపాలి కదా అని కింద ఎవరో ఒకరు కామెంట్ పెడతారు, తెలుసు. ఇప్పుడు విడివిడిగా తడపడం లేదా? పక్కన పరాయి దేశం వాడు కూర్చుని ఉంటే చెయ్యి చాపడానికి ఎవరికైనా మొహమాటమే. ఇక 2025లో బంగ్లాదేశ్ మన నూలును భూమార్గంలో ఆపడం, మనం వాళ్ల రెడీమేడ్ బట్టల్ని ఆపడం చూశాక ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడం ఇప్పట్లో అయ్యే పనా అంటే, నాకూ ఆశ తక్కువే. డబ్ల్యూటీవో (ప్రపంచ వాణిజ్య సంస్థ) ట్రేడ్ ఫెసిలిటేషన్ ఒప్పందంలో, అంటే సరుకు రవాణా తేలిక చేసే ఒప్పందంలో, ఎనిమిదో ఆర్టికల్ చదవండి: పొరుగు దేశాలు వీలైనంతవరకు సహకరించుకోవాలి, అందుకు పనిదినాలు, పనివేళలు కలుపుకోవచ్చు, ఉమ్మడి తనిఖీలు పెట్టుకోవచ్చు అని వరసగా రాసుంది. రెండు దేశాలూ సంతకం పెట్టినవే. అందులో మొదటిది కూడా సరిగ్గా కుదరలేదు. మనకు ఆదివారం సెలవు, వాళ్లకు శుక్ర, శనివారాలు. గడియారం కూడా వాళ్లది అరగంట ముందు.

కాబట్టి ఎవరైనా కొత్తగా బంగ్లాదేశ్‌కి మిర్చి పంపాలనుకుంటే, ఉమ్మడి తనిఖీ వచ్చేదాకా ఆగొద్దు గానీ లోడు గురువారం సాయంత్రం బొంగావ్ చేరేలా మాత్రం పంపకండి. సోమవారం పొద్దునకి చేరేలా గుంటూరులో బయల్దేరదీయండి. వానాకాలమైతే గోనె లోపల ప్లాస్టిక్ లైనింగు వేయించండి. టిక్కీకి కొంచెం ఖర్చు పడుతుంది, యజమాని గొణుగుతాడు, వినకండి.