పేడ పరీక్షలో దొరకని కిడ్నీ నట్టలు

ప్రశ్న: పాతిక పందులు పెంచుతున్నాను. మేత బాగానే తింటున్నా ఒళ్లు చేయడం లేదు. రెండు పందులు వెనుక కాళ్లు ఈడుస్తున్నాయి. ఈ మధ్య ఒక ముసలి ఆడపందిని కోయిస్తే కాలేయం మీద తెల్లటి మచ్చలు, మూత్రపిండాల చుట్టూ కొవ్వులో చీముగడ్డలు, వాటిలో లావుపాటి పురుగులు కనిపించాయి. పేడ పరీక్షలో మాత్రం నట్టల గుడ్లు లేవన్నారు. ఇది ఏం జబ్బు? మనుషులకు అంటుకుంటుందా?
– ఒక రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: మీరు చెప్పిన గుర్తులను బట్టి అవి స్టెఫన్యూరస్ అనే కిడ్నీ నట్టలు. మనుషులకు అంటుకోవు. అయితే పాడైన కాలేయం, మూత్రపిండాలు తినకుండా కాల్చేయండి, కుక్కలకు కూడా వేయవద్దు.

పేడలో గుడ్లు కనిపించకపోవడంలో వింత లేదండీ. ఈ నట్టలు ఉండేది పేగుల్లో కాదు, మూత్రపిండాల చుట్టూ ఉన్న కొవ్వులో, మూత్రనాళాల గోడల్లో. గుడ్లు మూత్రంతోనే బయటికొస్తాయి. పొద్దున లేవగానే పోసే మూత్రాన్ని, అందులోనూ చివరి ధారను, సీసాలో పట్టి పశువైద్యశాలకు ఇవ్వండి. పెద్ద పందులదే పట్టాలి. నట్ట ఒంట్లో చేరాక గుడ్లు పెట్టడానికి కనీసం ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది దాటుతుంది. ఆ లోపు దాని పిల్లలు కాలేయాన్ని తొలుస్తూ నెలల తరబడి తిరుగుతాయి. మీ పందులు ఎదగకపోవడానికి అదే కారణం కావచ్చు. దారి తప్పి వెన్నుపాము వైపు వెళ్లినవి వెనుక కాళ్లను పడగొడతాయి. కాల్షియం లోపంతోనూ కాళ్లు పడిపోతాయి కాబట్టి ఆ రెండు పందులనూ డాక్టరుకు చూపించండి.

పైపరజిన్ అనే నట్టల మందు వీటి మీద పనిచేయదు. ఐవర్‌మెక్టిన్ 1 శాతం ఇంజెక్షన్‌ను 33 కిలోల బరువుకు 1 మి.లీ. చొప్పున చెవి వెనుక చర్మం కింద వేయించాలి. లేదా ఫెన్‌బెండజోల్‌ను కిలో బరువుకు 3 మి.గ్రా. చొప్పున వరుసగా మూడు రోజులు మేతలో ఇవ్వవచ్చు. బరువు కంటి అంచనాతో కాకుండా తూచి చూడండి. మందు నట్టలను చంపుతుంది గానీ, ఇప్పటికే చెడిన మూత్రపిండాన్ని బాగుచేయలేదు. బాగా చిక్కిపోయిన ముసలి పందులపై ఖర్చు పెట్టకుండా మంద నుంచి తీసేయడమే నయం.

అసలు బెడద మూత్రంతో తడిసిన నీడపట్టు నేల. గుడ్ల నుంచి వచ్చే నట్ట పిల్లలు (లార్వాలు) నోటి ద్వారానే కాక చర్మం గుండా కూడా లోపలికి పోతాయి. వానపాముల్లోనూ దాగి ఉంటాయి, నేల తవ్వి వాటిని తిన్న పందికి సోకుతాయి. ఎండకు, పొడికి మాత్రం తట్టుకోలేవు. బురద గుంట పూడ్చి, మూత్రం జారిపోయేలా వాలుగా సిమెంటు గచ్చు వేయించండి. పిల్లలను పాలు మాన్పగానే వేరే దొడ్డికి మార్చండి. కుదిరితే కొన్నాళ్లు ఆడపందులను ఒక్క ఈతకే ఉంచి, పిల్లలు పాలు మానగానే అమ్మేయండి. వాటి ఒంట్లోని నట్టలకు గుడ్లు పెట్టే వయసు రాకముందే ఆ పందులు దొడ్డి దాటిపోతాయి.

ఐవర్‌మెక్టిన్ వేశాక కనీసం 28 రోజులు కోతకు పంపకండి. సీసా మీద అంతకంటే ఎక్కువ గడువు రాసి ఉంటే దాన్నే పాటించండి.