చెరిసగం లెక్కలో తిరకాసు

ప్రశ్న: స్నేహితుల మధ్య డబ్బు తేడాల మీద తీసిన ఓ కామెడీ సినిమా చూసి నేనూ మావారూ పడీపడీ నవ్వాం. ఇంటికొచ్చాక అదే విషయం మీద గొడవ. ఆయన సంపాదన 100 అనుకుంటే నాది 40. ఇంటి ఖర్చు మాత్రం చెరిసగం. పైగా నాకు చెప్పకుండా ఓ స్నేహితుడికి చేబదులిచ్చారు. ఏం చేయాలి?

సమాధానం: ముందు చెరిసగం సంగతి చూద్దాం. ఇంటి ఖర్చు 70 అనుకోండి. చెరో 35 వేస్తే ఆయన చేతిలో 65 మిగులుతుంది, మీ చేతిలో 5. చూడ్డానికి సమానమే, కానీ నెలాఖరుకి చెప్పులు తెగితే మీరు ఆయన్నే అడగాలి. హోటల్లో ఒకరు వంటకాల పేర్లు చదువుతుంటే పక్కవాళ్లు ధరలు మాత్రమే చదివే సీను చూసి నవ్వుతామే, అది పుట్టేది ఇక్కడే.

సంపాదనను బట్టి 5:2 చొప్పున పంచితే ఆయన వాటా 50, మీది 20. మిగిలేదీ 50, 20. ఇంకో దారి ఉంది: ఆయన 65, మీరు 5 వేసి చెరో 35 మిగుల్చుకోవడం. ఇంటి చాకిరీ ఎక్కువగా మీ మీదే పడుతుంటే నా ఓటు దీనికే. ఏదైనా సరే, పన్నులు పోగా చేతికొచ్చే జీతం మీదే లెక్క వేయండి. పెళ్లికి ముందు చేసిన అప్పుల వాయిదాలు ఉమ్మడి ఖర్చా, సొంత ఖర్చా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. చాలా జంటలకు పేచీ వచ్చేది అక్కడే. జీతం పడిన మర్నాడే ఎవరి వాటా వాళ్ల ఖాతాలోంచి ఉమ్మడి ఖాతాలోకి దానంతటదే వెళ్లేలా పెట్టుకుంటే నెలనెలా అడిగే బాధ ఉండదు.

ఇక చేబదులు. సినిమాలో దాచిన అప్పును క్లైమాక్స్ దాకా లాగి ఒక్క క్షమాపణతో మాఫీ చేస్తారు (రచయితకు అదే సులువు మరి). మీరు మాత్రం ఇద్దరూ కూర్చుని, ఇంత మొత్తం దాటితే రెండోవాళ్లకి చెప్పాకే ఇవ్వాలని ఒక అంకె రాసుకోండి. ఎంత ఇవ్వచ్చంటే, తిరిగి రాకపోయినా మీ వాయిదాలూ పొదుపూ ఆగనంత. అత్యవసర నిధిని ముట్టుకోవద్దు. ఇచ్చేసిన దానికి ఆ స్నేహితుడితో మొత్తం, వాయిదా, తేదీ మెసేజ్‌లోనైనా రాయించుకోండి. "వీలైనప్పుడు ఇస్తాలే" అన్న అప్పుకి గడువే ఉండదు, అడిగినవాడే చెడ్డవాడవుతాడు. రెండు వాయిదాలు తప్పితే వాయిదా మొత్తం తగ్గించి కొత్త తేదీలు వేసుకోండి గానీ మళ్లీ కొత్త అప్పు ఇవ్వకండి. అతని బ్యాంకు అప్పుకి హామీ సంతకం అడిగితే మాట సాయం అనుకోవద్దు. అతను కట్టకపోతే బ్యాంకు మిమ్మల్నే అడుగుతుంది, మీ క్రెడిట్ చరిత్రా చెడుతుంది.

స్నేహితులతో షికార్ల విషయంలో మొహమాటం పనికిరాదు. "మా బడ్జెట్ ఇంత, రెండు రోజులే వస్తాం" అని టికెట్లు తీయకముందే చెప్పండి. గదులు బుక్ అయ్యాక చెబితే మీ వాటా మిగతావాళ్ల నెత్తిన పడుతుంది.