జడ చివర జిగురు, చిక్కు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పొడవు జుట్టు గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగింది చివరి జానెడు గురించే. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి జవాబులు రాశాం. పేర్లు వేయలేదు, ఊళ్లు మాత్రమే వేశాం.

నల్గొండ: నా జడ నడుము దాటి ఉంటుంది. పైనంతా బాగానే ఉంటుంది కానీ చివర జానెడు మేర ఎప్పుడూ జిగటగా అతుక్కుపోతుంది. తలంటుకున్న మర్నాటికే దువ్వెన దిగదు. ప్రతి ఆదివారం ఆముదం, కొబ్బరినూనె సగం సగం కలిపి తలకంతా పట్టించి, సీకాయపొడి ముద్ద చేసి రుద్దుకుంటాను. మాకు బోరు నీళ్లే. షాంపూకి మారాలా?

షాంపూ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇది తేల్చుకోండి: జిగట తెలిసేది జుట్టు తడిగా ఉన్నప్పుడా, ఆరాకా? తడిలో మాత్రమే మెత్తబడి రబ్బరులా సాగుతుంటే వెంట్రుకే పాడైందన్నమాట. దాని గురించి కింద హైదరాబాద్ ఉత్తరానికి రాశాం. ఆరాక అంటుకుంటుంటే వెంట్రుక మీద ఏదో మిగిలిపోతోంది. మీరు రాసినదాన్ని బట్టి మీది రెండోదే.

ఏం మిగిలిందో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. ఆరిన చివర్లను టిష్యూ కాగితంలో మడిచి ఒక నిమిషం గట్టిగా నొక్కి పట్టండి. వెలుతురు కనిపించేలా మరక పడితే అది నూనె. దువ్వెన పళ్ల మొదట్లో బూడిదరంగు మైనం లాంటిది చేరుతుంటే సబ్బూ సున్నమూ కలిసిన మడ్డి. వేళ్ల మధ్య నలిపితే గరగరమంటూ గోధుమరంగు పొడి రాలితే సీకాయ. చాలామందిలో ఇవి విడివిడిగా ఉండవు, ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి.

చివర్లకే ఎందుకంటే వాటి వయసు వల్ల. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే 90 సెంటీమీటర్ల జడ కొస ఏడేళ్ల కిందట మొలిచింది. కుదురు దగ్గర వెంట్రుక చుట్టూ సన్నటి పొలుసులు 6 నుంచి 10 పొరలుగా పరుచుకుని ఉంటాయి. వాటిపైన నీటిని నిలవనివ్వని పలుచటి కొవ్వు పూత ఉంటుంది. ఏడేళ్ల దువ్వుడుకీ తలంటుకీ ఎండకీ ముందు ఆ పూత పోతుంది, తర్వాత పొలుసులు లేచి ఒక్కొక్కటిగా రాలిపోతాయి. గరుకు తేలిన చోట నూనె, సున్నం, పొడి అన్నీ ఆగుతాయి.

ఇక మీ పద్ధతిలో మార్చుకోవాల్సినవి. ఆముదం కొబ్బరినూనె కన్నా పది రెట్లకు పైగా చిక్కన. సగానికి సగం కలిపితే సీకాయకు అది లొంగదు. కుదుళ్లకు పెట్టుకునే అలవాటు మానలేకపోతే ఒక వంతు ఆముదానికి ఐదు వంతుల కొబ్బరినూనె కలపండి. చివర్లకు మాత్రం ఆముదం వద్దు, ఒక టీస్పూను ఉత్త కొబ్బరినూనె చాలు, అదీ తలస్నానానికి గంట ముందు. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి దిగుతుంది. తలంటుకి ముందు రాస్తే వెంట్రుకలోని ప్రొటీన్ కొట్టుకుపోవడం తగ్గుతుందనీ, పొద్దుతిరుగుడు నూనెకూ మినరల్ ఆయిల్‌కూ ఆ గుణం లేదనీ మన దేశ పరిశోధకులు 2003లో ప్రచురించారు. వాళ్లు కొబ్బరినూనె అమ్మే కంపెనీవాళ్లే అనుకోండి, అయినా ఆ మాట నిలబడింది. తలంటుకున్నాక రాసే నూనె వేరు. అది రెండు చుక్కలు దాటితే దుమ్ము పట్టేస్తుంది.

సీకాయను ముద్దగా రుద్దడం ఈరోజే ఆపేయండి. ఆ నలుసులు లేచిన పొలుసుల కింద ఇరుక్కుంటాయి, ఎన్ని చెంబులు పోసినా రావు. మూడు పెద్ద చెంచాల పొడిని అర లీటరు వేణ్నీళ్లలో గంటసేపు నానబెట్టి, పలుచటి పాత పంచె గుడ్డలో రెండుసార్లు వడకట్టి, ఆ రసం మాత్రమే వాడండి. కుంకుడుకాయలైనా అంతే, పిప్పి తలకు తగలకూడదు.

బోరు నీళ్ల విషయం. తాగే నీటిలో కఠినత్వం, అంటే కరిగి ఉన్న సున్నం లాంటి లవణాలు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలనీ, వేరే దిక్కు లేనప్పుడు 600 వరకు ఒప్పుకోవచ్చనీ భారత ప్రమాణాల సంస్థ చెబుతుంది. చాలా బోర్లు ఆ మొదటి గీత దాటేసినవే. టీడీఎస్ మీటరు చూసి మోసపోకండి, అది అన్ని లవణాల లెక్కా కలిపి చెబుతుంది, సున్నం ఎంతో విడిగా చెప్పదు. గీజరు కాయిల్‌కూ షవరు చిల్లులకూ తెల్లగా గడ్డ కడుతుంటే అదే సాక్ష్యం. కాచి చల్లార్చితే కొంత కఠినత్వమే పోతుంది. ఇలాంటి నీళ్లతో ఒంటి సబ్బు తలకు రాశారంటే మడ్డి తప్పదు. కుంకుడు, సీకాయ, షాంపూలకు ఆ గుణం లేదు.

ఇప్పటికే పేరుకున్నది వదలాలంటే మీకు ఒక్కసారి షాంపూ కావాలి. సీసా వెనక పదార్థాల్లో ఈడీటీఏ అని ఉన్నది చూడండి, అది సున్నాన్ని పట్టి లాగుతుంది. పది మిల్లీలీటర్లు మగ్గు నీళ్లలో కలిపి, నిలబడి జుట్టు కిందికి వేలాడేలా ఉంచి, చివర్ల మీద పోసి, అరచేతుల మధ్య నొక్కుతూ రెండు నిమిషాలు ఆగండి. నలపకూడదు, జుట్టంతా నెత్తిమీద కుప్పగా చేసి రుద్దడం అసలే కూడదు. కడిగి, మళ్లీ ఒకసారి అదే పని చేయండి. తర్వాత కండిషనర్ రెండు మూడు టీస్పూన్లు చివరి జానెడుకే పట్టించి మూడు నిమిషాలు ఉంచండి. దానిలోని ధనావేశమున్న పదార్థం దెబ్బతిన్న చోటికే ఎక్కువగా అతుక్కుంటుంది, అందుకే మాడుకు పూయనక్కర్లేదు.

చివరి కడుగుకు ఒక లీటరు తాగే నీళ్లలో రెండు టీస్పూన్ల తెల్ల వెనిగర్. నిమ్మరసమైతే వడగట్టి ఒక టీస్పూను. పులుపు పొలుసుల్ని అణుస్తుంది. ఎక్కువ పిండితే ఎక్కువ మెరుస్తుందనుకుంటారు గానీ, మిగిలిన నిమ్మరసమే ఆరాక జిగటవుతుంది. ఈ కడుగు వారం వారం చేసుకోవచ్చు. ఈడీటీఏ షాంపూ నెలకు ఒకసారి చాలు, మిగతా వారాలు మీ సీకాయ రసమే.

తెనాలి: మా అమ్మాయికి పదేళ్లు, జుట్టు ఒత్తు. గంజి, మందారాకు, కలబంద, మెంతులు, తెల్లసొన, వారానికి ఒకటి చొప్పున పెడుతున్నాను. చివర్లు మరీ బిగుసుకుపోతున్నాయి.

మీరు పెట్టినవన్నీ ఆరితే పొర కట్టేవే. చీరకు పెడితే గంజి ఏం చేస్తుందో జుట్టుకూ అదే చేస్తుంది. గంజి వాడాలంటే ఒక గ్లాసుకు నాలుగు గ్లాసుల నీళ్లు కలిపి, పది నిమిషాలు ఉంచి, పూర్తిగా కడిగేయాలి. మెంతులూ మందారాకూ మెత్తగా రుబ్బి గుడ్డలో పిండి ఆ జిగురు మాత్రమే తీసుకోండి, మాడు నుంచి భుజాల వరకే పెట్టండి. పచ్చి కలబంద గుజ్జుదీ అదే దారి. తెల్లసొనకు వేడినీళ్లు పోశారంటే అది అక్కడే ఉడికి తెల్లటి పోగులుగా పట్టుకుంటుంది, చల్లటి నీళ్లే పోయాలి. మమ్మల్ని అడిగితే పదేళ్ల పిల్లకు ఇన్ని అక్కర్లేదు. నెలకు ఒకటి పెట్టండి, నెల మొత్తంలో ఒకటే.

హైదరాబాద్: రెండేళ్లలో రెండుసార్లు స్ట్రెయిటెనింగ్, మధ్యలో ఒకసారి హైలైట్స్ చేయించాను. తలస్నానం చేస్తే చివర్లు జావలా మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. ఆరాక పీచులా ఉంటాయి. హెయిర్ స్పా చేయిస్తే తగ్గుతుందా?

తగ్గదండీ. ఒక వెంట్రుకను తడిపి, రెండు చివర్లా పట్టుకుని నెమ్మదిగా లాగండి. ఆరోగ్యంగా ఉన్న వెంట్రుక తడిలో దాని పొడవులో నాలుగో వంతు, మూడో వంతు వరకు సాగి, వదలగానే వెనక్కి వస్తుంది. మీది సాగుతూనే పోయి, వెనక్కి రాకుండా తెగుతుంది. వెంట్రుకకు బలమిచ్చే గంధకపు బంధాలు ఆ మందులకు తెగిపోయాయి. స్పాలో పెట్టే ప్రొటీన్ పైపూత రెండు మూడు తలస్నానాలతో పోతుంది. సాగే భాగం ఎంతవరకుందో ఈ పరీక్షతోనే కనుక్కుని, దానికి ఒక సెంటీమీటరు పైన కత్తిరించడమే మార్గం. ఒక్కసారే అంత తీయడానికి మనసొప్పకపోతే ఆరు వారాలకోసారి రెండు సెంటీమీటర్లు తీయించుకుంటూ, ఈలోగా తడి తలకు ఐరన్ పెట్టకండి. లోపలి నీరు ఆవిరై బుడగలు కట్టి వెంట్రుక అక్కడికక్కడే విరుగుతుంది.

రాజమహేంద్రవరం: మా చెల్లెలు జ్వరంతో రెండు వారాలు మంచం మీదే ఉంది. జడ విప్పలేదు. నిన్న తలంటుపోస్తే మెడ దగ్గర పిడికిలంత ముద్ద కట్టింది. పార్లర్‌లో గుండు తప్పదంటున్నారు.

కత్తెర దూరంగా పెట్టండి. ఆ ముద్దలో సగం ఊడిన వెంట్రుకలే ఉంటాయి. మామూలుగానే రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలతాయి, రెండు వారాలు విప్పని జడలో ఆ వందలన్నీ బతికున్న వాటిని చుట్టుకుని ఉండిపోతాయి. దాని మీద నీళ్లు పోసి రుద్దేసరికి పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కి కంబళిలా బిగుస్తాయి. కాబట్టి విడదీశాక గుప్పెడు జుట్టు చేతికొస్తే బెదరకండి.

మళ్లీ తడపొద్దు. ముద్దకు 50 మిల్లీలీటర్ల దాకా గోరువెచ్చటి కొబ్బరినూనె కొద్దికొద్దిగా ఇంకించి, రెండు గంటలు ఆగండి. ఇక్కడ ఆముదం పనికిరాదు. పని మొదలుపెట్టాల్సింది ముద్ద అంచు నుంచి, కొస వైపు నుంచి. ముద్దకూ మాడుకూ మధ్య జుట్టును ఒక చేత్తో బిగించి పట్టుకుంటే లాగుడు కుదుళ్లకు తగలదు. కొనదేలిన దువ్వెన పిడితోగానీ ఊలు అల్లే సూదితోగానీ పది పదిహేను వెంట్రుకల్ని బయటికి తీసి, వేళ్లతో విప్పి, పక్కకు క్లిప్పు పెట్టండి. ఎండిందనిపించిన చోట మళ్లీ నూనె. దువ్వెన పళ్లు వాడేది పాయ పూర్తిగా విడిపోయాకే. గంటకోసారి ఆపండి, రెండు మూడు రోజుల పనిగా పెట్టుకోండి. మధ్యలో ముద్ద ససేమిరా కదలకపోతే కత్తెర మొనను నిలువుగా, జుట్టు పొడవు దిశలోనే దించి ముద్దను రెండుగా చీల్చండి. అడ్డంగా కోస్తే అక్కడివన్నీ పోతాయి, నిలువుగా చీలిస్తే చాలావరకు మిగులుతాయి.

విడిపోయాక పలుచటి షాంపూ నీళ్లు మాడు మీద పోసి, నురగను కిందికి జారనిస్తే చాలు. ఆమె కోలుకునేదాకా రెండు వదులు జడలు వేసి, రోజు మార్చి రోజు విప్పి, కొస నుంచి పైకి దువ్వండి. రబ్బరుబ్యాండు బదులు గుడ్డ రిబ్బను కట్టండి.

అనంతపురం: పెళ్లికి కొన్న సవరం మూడు తలస్నానాలకే చిక్కుల మూట అయింది. అసలు జుట్టేనని ఇచ్చారు.

అసలు జుట్టే అయ్యుంటుంది. అయితే ఎలా పోగైన జుట్టన్నది లెక్క. తల మీద నుంచి ఒకేసారి కత్తిరించిన జుట్టును మొదలు ఒకవైపు, కొస ఒకవైపు ఉండేలా కట్టలు కట్టవచ్చు. దువ్వెనకు ఊడి వచ్చినవి, స్టీలు సామాన్లకు మార్చుకునేవి, అటూ ఇటూ కలిసిపోతాయి. ఎదురెదురు పొలుసులు ఒకదాన్నొకటి పట్టేస్తాయి. అందుకే వాటిని ఆమ్లంలో ముంచి పొలుసులు తీసేసి సిలికాన్ పూసి అమ్ముతారు. పూత నాలుగు ఉతుకుల్లో పోతుంది. కొనేటప్పుడు పది వెంట్రుకల్ని వేళ్ల మధ్య పైకీ కిందికీ జార్చి చూడండి: కిందికి నున్నగా, పైకి కాస్త గరుకుగా ఉంటే వరుస కుదిరిన జుట్టు. రెండు వైపులా గాజులా జారితే అది పూత నునుపు. ఉన్నదాన్ని అర బకెట్ నీళ్లలో రెండు చెంచాల కండిషనర్ వేసి, రుద్దకుండా పది నిమిషాలు ముంచి, వేలాడదీసి ఆరబెట్టుకోండి. సిలికాన్ సీరం నాలుగు చుక్కలు రాస్తే ఇంకో రెండు శుభకార్యాలకు వస్తుంది.

వరంగల్: పౌర్ణమికి చివర్లు కత్తిరిస్తే పెరుగుదల ఎక్కువంటారు, నిజమేనా?

పెరిగేది కుదురు దగ్గర, దానికి కత్తెర సంగతి తెలియదు, చంద్రుడి సంగతీ తెలియదు. మూడు నెలలకు సుమారు మూడు సెంటీమీటర్లు పెరుగుతుంది, అందులో ఒక సెంటీమీటరు తీయించుకుంటే చిట్లిన కొసలు పైకి పాకవు, పొడవూ ఆగదు.

భీమవరం: చివరి భాగంలో తెల్లటి మెత్తటి బుడిపెలు తగులుతున్నాయి. ఈరుపేను దువ్వెనతో దువ్వితే కొన్ని వస్తున్నాయి. పేలు మాత్రం లేవు.

ఈర్లు మాడుకు దగ్గరగా, వెంట్రుకకు ఒక పక్కన గట్టిగా అతుక్కుని ఉంటాయి, గోటితో లాగినా జారవు. చుక్కలా తెల్లగా కనిపించి, వంచితే సరిగ్గా అక్కడే విరిగితే అది వెంట్రుక చిట్లడం. మీరు చెప్పినట్టు మెత్తగా ఉండి, వేళ్లతో లాగితే జారి ఊడివస్తుంటే తెల్ల పియెడ్రా అనే ఫంగస్ కావచ్చు. ఉక్కపోత ప్రాంతాల్లో, తడి జుట్టును బిగించి జడ వేసుకునే వాళ్లలో ఇది ఎక్కువ. నూనెలతో పోదు. చర్మవ్యాధుల డాక్టరు రెండు వెంట్రుకలు మైక్రోస్కోపు కింద చూసి నిర్ధారిస్తారు, పొట్టిగా కత్తిరించకుండానే మందులతో తగ్గించే వీలుంది. వెళ్లే రోజు తలకు నూనె పెట్టుకోకండి, బుడిపె సరిగ్గా కనిపించదు. ఈలోగా మీ దువ్వెన వేరుగా ఉంచుకోండి. దువ్వెననూ దిండు గలీబులనూ వేడినీళ్లలో ఉతికి ఎండలో వేయండి, జుట్టు లోపలిదాకా ఆరాకే జడ వేసుకోండి.