వెనక దాచిన ఆలోచన

అమ్మడూ,

నీ ఫ్రెంచి కథ అనువాదం రెండుసార్లు చదివాను. చాలా ఇష్టంగా చేశావు. ఒక్క చోట మాత్రం ఆగిపోయాను. ఆ ముసలావిడ కోడలికి తన గొలుసు ఇస్తూ ‘సాన్ జర్యేర్-పాన్సే’ అంటుంది కదా, అక్కడ నువ్వు ‘దురుద్దేశం లేకుండా ఇస్తున్నాను’ అని రాశావు. నిఘంటువు ప్రకారం సరే. కానీ మన ఇళ్లలో అత్తగారు ఆ మాటంటే కోడలికి లేని అనుమానం పుడుతుంది!

సాన్ అంటే లేకుండా, అర్యేర్ అంటే వెనక, పాన్సే అంటే ఆలోచన. కలిపి పలికేటప్పుడు మధ్యలో ‘జ’ వస్తుంది, అంతే. కొట్టు వెనక గదిని ఫ్రెంచివాళ్లు అర్యేర్-బుతీక్ అంటారు. ఈ మాట కూడా అలాంటిదే. ముందు సరుకు కనిపిస్తుంది, వెనక గది కనిపించదు. ఆ గదిలో ఉన్నది చెడ్డదే కానక్కర్లేదు. జబ్బుపడ్డ బంధువును చూడడానికి వెళ్లి, పనిలో పనిగా పాత బాకీ సంగతి కదుపుదామనుకోవడం అర్యేర్-పాన్సే. నోట్సు అడిగే వంకతో ఇష్టమైన అమ్మాయి ఇంటికి వెళ్లడం కూడా అంతే. ‘దురుద్దేశం’ అనగానే ‘దుర్’ ముందే తీర్పు చెప్పేస్తుంది. ఫ్రెంచి మాటలో ఉన్నది దాపరికం మాత్రమే.

ఇంకొకటి. ఇంగ్లీషులో ఆఫ్టర్‌థాట్ అనే మాట ఉంది చూడు, దానితో కలిపెయ్యకు. కొత్తలో నేనూ అలాగే పొరబడి ఒక పేరా అర్థమంతా పాడుచేశాను. ఆఫ్టర్‌థాట్ తర్వాత తట్టేది. అర్యేర్-పాన్సే ముందునుంచీ ఉండి, పైకి రానిది. ఇంగ్లీషువాళ్లు ఈ మాటను ఉన్నదున్నట్టు తీసుకుని వాడతారు. తెలుగు కథలో మాత్రం నువ్వు అలా దింపొద్దు, చదివేవాళ్లు అక్కడే ఆగిపోతారు.

మనకు మాటల కొరత లేదు. ఫ్రెంచివాళ్లు వెనక దాస్తే మనం లోపల దాస్తాం. ‘ఏదో మనసులో పెట్టుకునే అన్నాడు’ అంటాం. నాయకుల ఎత్తుల గురించైతే ‘లోపలి ఉద్దేశం’ బాగుంటుంది. స్నేహితుల మధ్య ‘కల్మషం లేకుండా’ చాలు. ఎవరు ఎవరితో అంటున్నారో చూసుకుని, అప్పుడు మాట ఎంచుకో.

ఫ్రెంచిలో నువ్వే ఉత్తరం రాయాల్సొస్తే, బహువచనంలో చివరి ‘ఎస్’ పాన్సేకే పెట్టు, అర్యేర్‌ను కదపకు. పలికేటప్పుడు పాన్సేలో ‘న్’ ముక్కులోంచి రావాలి, నాలుక పైకి తగలకూడదు.

ఆ గొలుసు వాక్యాన్ని ‘మనసులో ఏమీ పెట్టుకోకుండా ఇస్తున్నానమ్మా’ అని మార్చి, ఒకసారి పైకి చదివి చూడు. ఆ పేజీ మళ్లీ నాకు పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న