మీరడిగారు: పెళ్లి బొకే ఇంట్లోనే కట్టుకోవచ్చా?

ప్రశ్న: అక్కా, మే నెలలో నా పెళ్లి, చర్చిలో పొద్దున పదింటికి. తెల్ల పట్టుచీర, ముసుగు అన్నీ రెడీ, బొకే ఒక్కటే మిగిలింది. షాపులో చెప్పిన రేటు వింటే కళ్లు తిరిగినయ్, నేనే కట్టుకుంటానంటే అమ్మేమో ఈ ఎండలకి చర్చికెళ్లేలోపే వాడిపోద్ది, నలుగురిలో నవ్వులపాలు అవుతాం అంటోంది. ఫ్రిజ్‌లో పెడితే ఆగుతుందా? మల్లెపూలు పెట్టొచ్చా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: శుభ్రంగా కట్టుకోవచ్చు చెల్లీ. కట్టడం పెద్ద విద్యేం కాదు, పూలకి కట్టేముందు సరిగ్గా నీళ్లు పట్టించడమే అసలు పని, మీ అమ్మగారి భయం కూడా అక్కడే తీరిపోద్ది.

పూల కోసం కడియపులంక దాకా పోనక్కర్లా, విజయవాడ మార్కెట్లో రెండ్రోజుల ముందే చెప్పి పెట్టుకుంటే హోసూరు, బెంగళూరు వైపు నుంచి వచ్చే డచ్ గులాబీలు దొరుకుతాయ్, మామూలుగా కట్టకి 20 కాడలుంటయ్. ఓ కట్ట గులాబీలు, నాలుగైదు కార్నేషన్లు, కాస్త జిప్సోఫిలా (చిన్న చిన్న తెల్ల పూల గుత్తులు) చాలు, చూసిన పువ్వల్లా కొనేస్తే చివరికి చూడ్డానికి గందరగోళంగా ఉంటది. పూర్తిగా విచ్చినవి వద్దు, మొగ్గ కింద నొక్కితే గట్టిగా ఉండాలి. ఇంటికి తేగానే ముళ్లు, కింది ఆకులు తీసేసి, కాడ చివర ఓ అంగుళం ఏటవాలుగా కోసి, శుభ్రమైన బకెట్లో చల్లని నీళ్లలో రాత్రంతా వదిలెయ్. ఆకు నీళ్లలో మునిగితే కుళ్లి ఆ నీళ్లే పూలని పాడుచేస్తయ్.

కట్టేటప్పుడు నడిమి పువ్వుని ఎడంచేత్తో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకో, తర్వాత ప్రతి కాడా ఒకే వైపుకి వాలుగా ఆనించుకుంటూ, రెండు మూడు పెట్టగానే మొత్తాన్ని చేతిలో కొంచెం తిప్పుకుంటూ పో. కాడలన్నీ కింద మెలి తిరిగినట్టు విచ్చుకుంటే కుదిరినట్టే, ఒకటి అటు ఒకటి ఇటు దూర్చావంటే మాత్రం మధ్యలో ఇరుక్కుని విరుగుతయ్. పట్టుకున్న చోటే పురికొసతో బిగించి కట్టు, కింద జానెడు కాడ ఉంచి సమానంగా కత్తిరించు. శాటిన్ రిబ్బన్ మాత్రం పెళ్లి రోజు పొద్దున, కాడలు బాగా తుడిచాకే చుట్టాలి, లేదంటే నీళ్లు కారి పట్టుచీర మీద మరక.

ఫ్రిజ్ అంటావా, కింది అరలో పెట్టొచ్చు గానీ అందులో మామిడిపళ్లు, అరటిపళ్లు ఉండకూడదు, అవి వదిలే ఇథిలీన్ అనే వాయువుకి కార్నేషన్లు ముడుచుకుపోతయ్. మే నెలలో మామిడిపళ్లు లేని ఫ్రిజ్ మనిళ్లలో ఎక్కడుంటదిలే, కాబట్టి ఇంట్లో చల్లటి గదిలో బకెట్లో ఉంచడమే నయం, ఫ్యాన్ గాలి మాత్రం నేరుగా తగలనీకు. ఆర్కిడ్లు కొంటే ఫ్రిజ్ జోలికే పోకు, చలికి మచ్చలు పడతయ్.

మల్లెపూలు విడిగా పెడితే నిలబడవు, కాడే ఉండదు కదా. మూరెడు మాల కట్టించి పిడి మీద చుట్టు, వాసన నీ చేతికే అంటుకుంటది (నాకైతే బొకే మొత్తంలో అదే ఇష్టం). నందివర్ధనం బాగుంటది కదా అని పెరట్లోంచి తెంపుకురాకు, పాలు కారతయ్.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా, పెళ్లి రోజు పొద్దున నువ్వు ఆ కత్తెర ముట్టుకోవద్దు. ముందు రోజు సాయంత్రమే కట్టేసి కాడలు మునిగేలా నీళ్లలో పెట్టు, రిబ్బన్ పని పిన్నికో వదినకో అప్పజెప్పు. అంతకు ముందు వారం చవక చామంతులతో ఓసారి కట్టి చూసుకుంటే చెయ్యి తిరుగుద్ది. మిగిలిన గులాబీల్లో ఒకటి పెళ్లికొడుకు కోటుకి, కాడ రెండంగుళాలు ఉంచి కత్తిరించి, కాలరు వెనకనుంచి పిన్ను గుచ్చితే పైకి కనపడదు.